పది తామర గింజలు

రెండో నెల, మూడో రోజు

పొద్దున ఊట రుచి చూసి ఐదు పాళ్ళన్నాను. షువాంగ్ గింజలు ఏడన్నాయి.

గింజలు అన్నాయట! పది నల్లటి తామర గింజలు వెదురు చెంబులో వేసి, బావిలోంచి తోడిన ఉప్పునీళ్ళు పోసి, ఎన్ని తేలాయో లెక్కపెట్టడం. ఏడు తేలితే పదికి ఏడు పాళ్ళ ఉప్పు. సముద్రపు ఒడ్డున వాళ్ళ ఊళ్ళో అందరూ అలాగే చూస్తారట. ఆ ఊరిని ఆ సముద్రమే మింగేసింది. తండ్రీ కూతురూ పడవలెక్కి నదికి ఎదురొచ్చి మా జింగ్‌యెన్ కొండల్లో పడ్డారు. పడ్డ పిల్ల పడ్డట్టు ఉందా? పోయిన తొమ్మిదో నెలలో మా మరిది పెళ్ళామై కూర్చుంది.

పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఊట సంగతి చెప్పేది నా నాలుక. తెల్లవారగానే ఊట నిండిన మొదటి వెదురు గొట్టం బావిలోంచి పైకి వస్తుంది. మామగారు బేరిచెక్క గరిటె నా చేతికిస్తారు. చుక్క నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, ఎన్ని పాళ్ళో చెబుతాను. ఆ మాట వినకుండా ఎవరూ పొయ్యి వెలిగించరు. పలచని ఊట కాస్తే బండెడు కట్టెలు బూడిదై పిడికెడు ఉప్పు మిగులుతుంది మరి.

ఈరోజు మామగారు నన్ను చూశారు, చెంబులోకి చూశారు, నవ్వారు. "మా పెద్దకోడలు చెప్పిందంటే అంతే. గింజలకేం తెలుసు, నిద్రమత్తులో తేలుంటాయి," అన్నారు. అందరూ నవ్వారు. షువాంగ్ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

రెండో నెల, ఐదో రోజు

మధ్యాహ్నం ముల్లంగి పులుసు ఒక్క గుక్క తాగి మా ఆయన గిన్నె కింద పెట్టేశారు.

"ఏమే, బావినంతా ఇందులో పోశావా?" అన్నారు.

నేను రుచి చూశాను. సప్పగా ఉంది. ఇంకాస్త వెయ్యాలనిపించేంత సప్పగా ఉంది. మరిది దగ్గుతూ నీళ్ళ చెంబు అందుకున్నాడు. షువాంగ్ మాత్రం తల వంచుకుని చప్పుడు లేకుండా తాగింది.

తాగకేం? నేను కట్టెల కోసం వెళ్ళినప్పుడు పొయ్యి దగ్గరున్నది ఆవిడేగా.

రెండో నెల, తొమ్మిదో రోజు

నాది ఐదు. గింజలవి ఏడు. నాదే నిజం.

రెండో నెల, పద్నాలుగో రోజు

పక్క బావి ఫూ ముసలమ్మ ఊరవేసిన ఆవాకు పట్టుకుని వచ్చింది. ఆకు ఇవ్వడానికి కాదు, ఆరా తీయడానికి.

"మీ ఇంట్లో ఇప్పుడు రెండు నాలుకలటగా?" అంది.

"ఒకటే నాలుక పిన్నీ. ఇంకోటి ఆటబొమ్మ."

"ఆ బొమ్మ నాకూ నేర్పమన్నా మీ చిన్నకోడల్ని. ఠక్కున నేర్పేసింది. నాకు కళ్ళు సరిగా ఆనవు, అయినా లెక్కపెట్టేశాను చూడు!" అని బోసినోరు తెరిచి నవ్వింది. "ఇంత తేలికని తెలిస్తే నీ నాలుకకి నలభై ఏళ్ళు దండం పెట్టేదాన్ని కాదే అమ్మాయ్."

నలభై ఏళ్ళేమిటి, నాకే ముప్ఫై రెండు. అయినా ఆ మాట పొద్దస్తమానం చెవిలో గుయ్యిమంటూనే ఉంది.

నాకు ఈ పని రావడానికి ఎన్నేళ్ళు పట్టింది! కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్తగారు రోజుకు ఇరవై గిన్నెలు వరసగా పెట్టి రుచి చూపించేవారు. తప్పు చెబితే అన్నంలో కూర ఉండేది కాదు. పెదవులు పగిలి రక్తం వచ్చేది. అలా మూడేళ్ళు. పోయేముందు గరిటె నా చేతిలో పెట్టి, "ఇక నువ్వు చెప్పిందే మాట," అన్నారు. ఈ పిల్ల మూడు పూటల్లో ముసలమ్మకు కూడా నేర్పేస్తోంది. ఎవరైనా చెయ్యగలిగితే ఇక అది పనేనా?

ఫూ ముసలమ్మ ఆవాకులో అసలు కారం, పులుపు ఏమీ లేదు. చేతకాకపోతే ఎందుకు ఊరవేయడం.

రెండో నెల, ఇరవయ్యో రోజు

ఊట పలచగా ఉందని నేనన్నాను కాబట్టి మామగారు రాతి తొట్టిలో దాచిన పాత చిక్కని ఊట కలపమన్నారు. నాలుగు కడవలు కలిపారు. బాణలిలో మరిగాక సోయా పాలు పోశాను. మురికి నల్లటి నురుగై పైకి తేలింది, తీసేశాను. తెల్లటి ఉప్పు దిగింది.

"ఉప్పు బాగానే దిగింది కదే," అన్నారు మా ఆయన.

"పాత ఊట కలిపారు కాబట్టి దిగింది. లేకపోతే తెలిసేది."

"నేనూ రుచి చూశా. ఉప్పగానే ఉంది."

"ఉప్పగా ఉందని మేక కూడా చెబుతుంది. ఎంత ఉప్పగా ఉందో చెప్పండి."

ఆయన పొయ్యిలో కట్టె ఎగదోశారు.

మిగిలిన సోయా పాలు గిన్నెడు నేనే తాగేశాను. షువాంగ్ నన్ను అదోలా చూసింది. నేను తాగితే ఆవిడకేమిటో! ఇంట్లో గిన్నెడు పాలు తాగడానికి కూడా ఆవిడ అనుమతి కావాలి కాబోలు.

రెండో నెల, ఇరవై ఏడో రోజు

జ్వరం తగ్గి రెండు నెలలు దాటింది. ఇంకా నోరు కాస్త మొద్దుగానే ఉంది. అంతే. ఈరోజు ఎవరూ చూడకుండా పువ్వు మిరియాలు గుప్పెడు నోట్లో వేసుకుని నమిలాను. నాలుక జిల్లుమంది, తిమ్మిరెక్కింది. పని చేస్తోంది. బ్రహ్మాండంగా పని చేస్తోంది.

మూడో నెల, రెండో రోజు

ఐదు రోజులుగా పులుసు గురించి ఎవరూ ఏమీ అనడం లేదు. ఆయన రెండో గిన్నె కూడా అడిగారు.

నేను కనిపెట్టేశానని షువాంగ్‌కు అర్థమైంది. భయపడి ఉప్పు వేయడం మానేసింది. నేను నోరెత్తకుండానే దారికి తెచ్చాను.

మూడో నెల, ఎనిమిదో రోజు

రాతి తొట్టి ఖాళీ అయింది. ఇక కలపడానికి పాత ఊట లేదు.

పొద్దున అందరం చక్రం దగ్గర నిలబడ్డాం. నాది నాలుగు పాళ్ళు. గింజలవి ఏడు. మామగారు ఈసారి నవ్వలేదు. తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి మొహం తుడుచుకున్నారు.

"నాలుగైతే బావి చొక్కా చిరిగినట్టు. మంచినీళ్ళు లోపలికి వస్తున్నట్టు," అన్నారు.

మా బావి నోరు గిన్నె మూతంత. లోతు ఎనభై నిలువులు. మంచినీటి పొరలు దాటేదాకా లోపల వెదురు గొట్టాలు ఒకదానిలో ఒకటి దించి, నార చుట్టి, నూనె సున్నం పూశారు. అదే బావి చొక్కా. దాన్ని విప్పి కొత్తది తొడగాలంటే ఎంత గుండె ధైర్యం కావాలో ఇక్కడ లెక్కలు రాసిన మా నాన్నను అడగాలి. ఈ బావి తవ్విన ఏడేళ్ళూ ఏ రోజు ఎంత దిగారో, ఏ రంగు రాయి వచ్చిందో ఆయనే రాశాడు. ఈ కాగితాలు ఆ పుస్తకంలో మిగిలినవే. మూడేళ్ళ క్రితం ఎగువ కొండ మీద ఒక ఇంట్లో చొక్కా విప్పితే లోపలి గోడలు కూలి బావి పూడిపోయింది. ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు కట్టెలు మోస్తున్నారు.

"ఏడైతే ఏం చెయ్యక్కర్లేదు మామగారూ," అంది షువాంగ్ మెల్లగా.

"పదకొండేళ్ళలో ఒక్కసారైనా నా మాట తప్పిందా?" అన్నాను.

"లేదమ్మా, నువ్వెప్పుడూ తప్పలేదు," అన్నారు మామగారు. కానీ అంటూ చెంబులోకే చూశారు. తేలుతున్న ఆ ఏడింటినీ మనవల్ని చూసినట్టు చూశారు. నాకు పిల్లలు లేరు. ఆ చూపు నేను ఎప్పుడూ చూడలేదు.

మూడో నెల, తొమ్మిదో రోజు

తామర గింజలు నల్లగా ఉంటాయి. ఉలి సానపట్టే చోట రాలే ఇనుప రజనూ నల్లగానే ఉంటుంది.

ఊరికే రాశాను.

మూడో నెల, పదిహేనో రోజు

మూలికలమ్మేవాడి దగ్గర తామర గింజలు కొన్నాను. కడుపు నొప్పికి. మంచివి.

సూది ఎర్రగా కాల్చితే ఎంత గట్టి పెంకైనా దిగుతుంది. పైన చుక్క నల్ల లక్క అద్దితే చిల్లు కనిపించదు.

నేను నిజమే చెబుతున్నాను. ఊట పలచగా ఉంది. గింజలు అబద్ధం చెబుతున్నాయి. అబద్ధాన్ని సరిచేయడం తప్పెలా అవుతుంది?

మూడో నెల, పదిహేడో రోజు

పదీ మునిగాయి!

చెంబు అడుగున రాళ్ళల్లే కూర్చున్నాయి. మరిది చెంబు ఊపి చూశాడు, వేలితో కదిపాడు. ఒక్కటి లేవలేదు. షువాంగ్ మొహం చూడాలి! వంగి చూసింది, ఒక గింజ తీసి అటూ ఇటూ తిప్పింది, మళ్ళీ చెంబులో వేసింది.

"ఇప్పుడు గింజలు కూడా పెద్దకోడలి మాటే అంటున్నాయి," అన్నారు మామగారు.

ఎంత హాయిగా ఉందో. ఈరోజు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

అసలు గింజలు నా దగ్గరే ఉన్నాయి, సోయా జాడీ అడుగున, ఈ కాగితాల కింద.

మూడో నెల, పద్దెనిమిదో రోజు

పంచాంగం చూసి నాలుగో నెల ఆరో రోజు ఖాయం చేశారు. ఆ రోజు బావి చొక్కా విప్పుతారు.

మూడో నెల, ఇరవై నాలుగో రోజు

కొత్త వెదుళ్ళు వచ్చాయి. ఆయన పగలంతా కణుపులు కొట్టి నునుపు చేస్తున్నారు. చేతులు పుళ్ళు పడ్డాయి. కొవ్వు రాస్తుంటే అన్నారు: "నీ నాలుక లేకపోతే ఈ బావి ఎప్పుడో చచ్చేది. నాన్న కూడా అదే అన్నాడు."

కొవ్వు గిన్నెకు మూత పెట్టాను.

ఊట పలచగా ఉంది. ఉంది. పలచగానే ఉంది.

నాలుగో నెల, ఒకటో రోజు

దీన్ని ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మధ్యాహ్నం పులుసు పొయ్యి మీద పెట్టి ఉల్లికాడల కోసం పెరట్లోకి వెళ్ళాను. కత్తి మరిచిపోయి వెనక్కి వచ్చేసరికి షువాంగ్ మూత తీసి నిలబడి ఉంది. దొరికింది! రెండు నెలలుగా పట్టుకోవాలని చూస్తున్నది ఇన్నాళ్ళకు నా చేతికి చిక్కింది. ఒక్క ఉదుటున వెళ్ళి మణికట్టు పట్టుకున్నాను.

చేతిలో ఉప్పు లేదు. సొరకాయ బుర్రతో వేడినీళ్ళు ఉన్నాయి. సగం అప్పటికే పోసేసింది.

"నీళ్ళా?" అన్నాను.

"నీళ్ళే అక్కా."

"ఉప్పు కాదా?"

"ఉప్పా? నువ్వేసిందే పది మందికి సరిపోతుంది. ఇంకా నేనెక్కడ వెయ్యను?" అంది. నవ్వబోయి ఆపుకుంది. "మొదట్లో బావగారు గిన్నె కింద పెట్టేశారు చూడు, ఆ తర్వాత కొన్నాళ్ళు చూసి ఇదిగో ఇలా మొదలుపెట్టా. చెయ్యి వదులు, కాలుతోంది."

నేను వదలలేదు.

"నీకు నాలుక పనిచెయ్యట్లేదక్కా," అంది. "ఆ రోజు సోయా పాలు తాగేశావు, గుర్తుందా? అవి పులిసిపోయాయి. పారబోద్దామని పక్కన పెట్టా. నువ్వు గటగటా తాగి మూతి తుడుచుకున్నావు. నాకు అప్పుడే అర్థమైంది."

"అయితే చెప్పొచ్చుగా?"

"చెబితే నమ్మేదానివా? నీ గరిటె లాక్కోడానికి పుల్లలు పెడుతున్నాననేదానివి."

నిజమే. అనేదాన్ని. వీధిలోకెళ్ళి మరీ అనేదాన్ని.

తర్వాత ఆవిడ గొంతు తగ్గించింది. "నా గింజల్లో ఒకదాని మీద మా అమ్మ పంటి గాటుంది. గట్టిదో కాదో చూడ్డానికి కొరికిందట. ఇప్పుడు చెంబులో ఉన్న పదింట్లో ఆ గాటు లేదు."

మణికట్టు వదిలేశాను.

"తెలిసీ పదిహేను రోజులుగా ఎందుకు ఊరుకున్నావే?"

"ఏమని చెప్పను? అత్తగారి గరిటె పట్టుకున్న మనిషిని దొంగని నిలబెట్టి నేనీ ఇంట్లో ఎలా తిరగను? నువ్వే చెబుతావని చూస్తున్నా. ఆరో రోజు దాకా చూస్తా."

"చెప్పకపోతే?"

"నేనే చెబుతా. నాకు ఒక ఊరు నీళ్ళల్లో పోవడం తెలుసక్కా. ఈ బావి కూలితే మనందరం ఎక్కడికి పోతాం? మళ్ళీ పడవ ఎక్కడం నా వల్ల కాదు."

ఉల్లికాడలు పెరట్లోనే ఉండిపోయాయి. పులుసు ఎవరో దించారు.

నాలుగో నెల, రెండో రోజు

చక్కెర నాకాను. సున్నం నాకాను. రెండూ ఒకటే.

నాలుగో నెల, నాలుగో రోజు

చెప్పాలి. చెబుతాను. రేపు.

చెప్పాక ఏమవుతుంది? గరిటె ఆవిడకు ఇస్తారు. పిల్లలు లేరు, గరిటె కూడా లేకపోతే ఈ ఇంట్లో నేనెవర్ని? చిన్నకోడలు వెనకాల గిన్నెలు మోసే పెద్దకోడల్ని. ఫూ ముసలమ్మ ఆవాకు పట్టుకుని రోజూ వస్తుంది.

ఆ పిల్లకు మొగుడున్నాడు, వయసుంది, నాలుకుంది, గింజలున్నాయి, అమ్మ పంటి గాటు కూడా ఉంది. నా గరిటె కూడా కావాలా?

నాలుగో నెల, ఐదో రోజు

చెప్పలేదు.

నాలుగో నెల, ఆరో రోజు

తెల్లవారుతూనే బావి దేవత ముందు అగరుబత్తులు వెలిగించారు. వెదురు మంచె మీద ఆయన ఎక్కి కూర్చున్నారు. తాడు చక్రానికి చుట్టారు. మరిది, ఇద్దరు కూలీలు చక్రం పట్టుకున్నారు. చుట్టుపక్కల బావుల వాళ్ళంతా వచ్చారు. ఫూ ముసలమ్మ పీట తెచ్చుకుని మరీ కూర్చుంది.

చొక్కా విప్పేముందు రుచి చెప్పే మనిషిని దేవత ఎదుట మూడుసార్లు అడగాలి. అది ఇక్కడి ఆచారం. మూడుసార్లూ ఒకే మాట చెబితేనే తాడు లాగుతారు.

మామగారు గరిటె ఇచ్చారు. చుక్క వేసుకున్నాను. ఏదో తడి. అంతే.

"ఊట ఎలా ఉంది?"

"పలచగా ఉంది," అన్నాను.

రెండో చుక్క.

"ఊట ఎలా ఉంది?"

"పలచగా ఉంది."

మూడోసారి గరిటె ఎత్తాను. ఎదురుగా షువాంగ్. చేతులు నడుముకు కట్టిన గుడ్డలో దాచుకుంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరవబోయింది.

ఇక్కడ నాకు నేను అబద్ధం రాసుకోను. బావి గుర్తు రాలేదు. మామగారి ఏడేళ్ళ చెమట గుర్తు రాలేదు. మంచె మీదున్న మొగుడు కూడా గుర్తు రాలేదు. ఆవిడ చెబితే ఇంటిని కాపాడింది ఆవిడవుతుంది. ఎప్పటికీ ఆవిడే అవుతుంది. అది మాత్రం నేను చచ్చినా ఇవ్వదలచుకోలేదు. ఆవిడ కంటే ముందు చెప్పెయ్యాలి, అంతే.

"నాకు తెలియట్లేదు మామగారూ!" అని అరిచాను. "నాకు రుచి తెలియట్లేదు. జ్వరం వచ్చిన్నాటి నుంచీ తెలియట్లేదు."

మంచె మీద నుంచి ఆయన "ఏమే?" అన్నారు. చక్రం పట్టుకున్న వాళ్ళు ఎలా ఉన్నవాళ్ళు అలాగే ఉండిపోయారు. ఫూ ముసలమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

మామగారు నా చేతిలోంచి గరిటె తీసుకున్నారు. కోపంగా కాదు, జ్వరం వచ్చిన మనిషి చేతిలోంచి గిన్నె తీసుకున్నట్టు తీసుకున్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"మరి గింజలు? పదీ మునిగాయి కదా?" అన్నారు.

నేను చెంబు వైపు చూశాను.

"గింజలు పాతవి మామగారూ," అంది షువాంగ్. "నీళ్ళు తాగి బరువెక్కుంటాయి. మార్చాల్సింది. నేనే చూసుకోలేదు. తప్పు నాదే."

"బొమ్మలు నమ్ముకుని బావి విప్పబోయాను నేను!" అని మామగారు ఆవిడ మీద విరుచుకుపడ్డారు. నన్ను అనాల్సినవన్నీ ఆవిడను అన్నారు. తూర్పు నుంచి కొట్టుకొచ్చిన గాలి మాటలన్నారు, సముద్రం కూడా వద్దనుకున్న మనుషులన్నారు. మరిది తల దించుకున్నాడు. ఆవిడ నిలబడి అన్నీ వింది.

నేను కూడా నిలబడి విన్నాను.

నాలుగో నెల, ఏడో రోజు

గరిటె గోడకు వేలాడుతోంది. పొయ్యి వెలగలేదు. గింజల చెంబు షువాంగ్ ఎక్కడో మూల పెట్టేసింది. పక్క బావుల నుంచి నాలుక ఉన్న మనిషిని అరువు తెచ్చుకోవాలట.

నన్ను అందరూ జాలిగా చూస్తున్నారు. "పాపం, జ్వరం మాట ముందే చెప్పాల్సిందమ్మా." ఆవిడను ఎవరూ పలకరించడం లేదు.

ఇది నేను కోరుకున్నదే కదా. మరి అన్నం ఎందుకు దిగడం లేదు?

నాలుగో నెల, ఎనిమిదో రోజు

ఆవిడ మంచితనం చూస్తే ఒళ్ళు మండుతోంది. గింజల తెలివి చూసి ఏడ్చాను, వయసు చూసి ఏడ్చాను, అవన్నీ ఒక ఎత్తు. నా తప్పు తన నెత్తిన వేసుకుని అంత మామూలుగా కట్టెలు పేర్చుకుంటోంది చూడు, దానికి ఏడ్చినంతగా దేనికీ ఏడవలేదు. నాకు అదెందుకు చేతకాదు? అంత నిబ్బరం ఎవరిచ్చారు ఈ పిల్లకు?

నాలుగో నెల, తొమ్మిదో రోజు

పొద్దున మామగారు టీ తాగుతుండగా వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మా ఆయన, మరిది, షువాంగ్ అందరూ ఉన్నారు. మూలనున్న చెంబు తెచ్చి, ఒక గింజ తీసి, రుబ్బురోలు రాయి మీద పెట్టి పగలగొట్టాను. నల్లటి రజను రాలింది.

మామగారు వేలితో అద్ది చూశారు. "ఇది మన ఉలి రజను కదా," అన్నారు.

"నేనే నింపాను. పదింట్లోనూ."

సోయా జాడీలోంచి అసలు గింజలు తీసి చెంబులో పోశాను. వాటి మీద పొద్దుటి ఊట పోయమని మరిదికి చెప్పాను. తొందరలో కాస్త ఒలికించాడు. ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఏడు. ఆ ఏడింట్లో ఒకదాని మీద పంటి గాటు ఉంది.

మామగారు లేచారు. నన్ను చూడలేదు. గోడ మీది గరిటె తీసి షువాంగ్ చేతిలో పెట్టారు. "మొన్న నిన్ను అన్న మాటలు..." అని ఆగిపోయారు. అంత పెద్దాయన కోడలికి క్షమాపణ చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. పూర్తిగా చెప్పలేదు, అయినా చెప్పినట్టే.

షువాంగ్ గరిటెను రెండు చేతులతో పట్టుకుంది. నా కళ్ళ ముందే. అత్తగారి గరిటె. ఇప్పుడైనా లాక్కోవాలనిపించింది. దీన్ని కూడా అబద్ధం రాయను.

మధ్యాహ్నానికి పొయ్యి వెలిగింది. పొగ నా కళ్ళలోకే వచ్చింది.

మా ఆయన నాతో మాట్లాడటం లేదు.

నాలుగో నెల, పదిహేనో రోజు

ఆయన ఒక మాట మాట్లాడారు. "ఉన్ని దుప్పటి ఎక్కడుంది?" అని.

చెప్పాను.

నాలుగో నెల, ఇరవయ్యో రోజు

బాణలి దగ్గర సోయా పాలు ఎప్పుడు పోయాలో షువాంగ్‌కు ఇంకా తెలియదు. త్వరపడి పోసేస్తుంది, నురుగు విరిగిపోతుంది. సముద్రం దగ్గర ఆ పని లేదట. నేను దూరంగా నిలబడి చూశాను. రెండు బాణలులు పాడయ్యేదాకా చెప్పలేదు. మూడోదానికి, "ఇంకా ఆగు, బుడగ చిన్నదవ్వాలి," అన్నాను. తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయాను.

మధ్యాహ్నం పులుసు నేనే వండాను. వంట ఎవరూ నన్ను మానమనలేదు, చెయ్యమనీ అనలేదు. ఉప్పు చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎంత వేయాలి? పదకొండేళ్ళు కొండ లోపలి ఊటలో ఉప్పు ఎన్ని పాళ్ళో చెప్పిన మనిషిని, ఐదుగురికి వండే గిన్నెలో ఎంత వేయాలో తెలియక నిలబడ్డాను.

చివరికి వేశాను. దించేముందు వాకిలి వైపు పిలిచాను.

"చెల్లీ, కాస్త రుచి చూసి పో."

ఆ పిలుపుతో ఎన్నడూ పిలవలేదు. గరిటె నడుముకు దోపుకుని వచ్చింది. చెంచాతో తీసుకుని ఊదుకుని నోట్లో వేసుకుంది. నేను ఆవిడ మొహమే చూస్తూ ఉన్నాను. కనుబొమ్మలు కదిలాయా లేదా, పెదవి ముడిచిందా లేదా అని.

"సరిపోయిందక్కా," అంది.

గిన్నెలు వడ్డించాను. ఆయన తాగారు, ఏమీ అనలేదు. మామగారు తాగారు.

నిజంగా సరిపోయిందో, నా మొహం చూసి అలా అన్నదో నాకు తెలియదు. ఇక ఎప్పటికీ ఆవిడ చెప్పిందే నాకు రుచి.